తాళంచెవి ఇవ్వనన్న ఆవిడ

"తాళంచెవి ఇవ్వను," అంది ఆవిడ.

"ఇవ్వరా? ఎందుకివ్వరు?"

"పొద్దున రెండు గంటలు పరిగెత్తావు. మళ్లీ సాయంత్రం కూడానా? ఇంటికెళ్లి కడుపునిండా తిని పడుకో తల్లీ."

జిమ్‌లో ఆడవాళ్ల గది ముందు కూర్చుని లాకర్ తాళంచెవులిచ్చే మనిషి ఆవిడ. తాళంచెవి లేనిదే లోపలికి పోనివ్వరు, అక్కడి పద్ధతి అది.

'ఇచ్చేది తాళంచెవి, పెత్తనం ప్రాణాల మీద!' అని పళ్లు నూరింది రాకెట్టు.

రాకెట్టు అన్నది తను పనిచేసే పార్సిల్ ఆఫీసువాళ్లు పెట్టిన ముద్దుపేరు. ఆఫీసులన్నిటికీ కలిపి ఏటా పరుగు పందెం పెడతారు. కిందటేడు అర నిమిషం తేడాతో మొదటి స్థానం చేజారింది. ఈసారి ఎలాగైనా కొట్టాలని పంతం పట్టింది. పందేనికి ఇంకా మూడు వారాలుంది.

రెండు పూటలా పరుగే. ఆదివారం కూడా సెలవు లేదు. తిండి అంటారా, పిచ్చుక నయం.

"ఒళ్లు హూనం చేసుకుంటున్నావే!" అని తల్లి మొత్తుకునేది.

"నీకు తెలీదు, ఊరుకో అమ్మా."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు మరి!

తాళాలావిడ లేచి దగ్గరికొచ్చింది.

"కుంటుతున్నావేం?"

"కండ పట్టేసింది."

"కండా, ఎముకా? వేలు పెట్టి నొక్కితే సరిగ్గా ఒక్కచోటే కలుక్కుమంటోందా?"

కలుక్కుమంటోంది. కానీ చెబితే లోకువైపోనూ?

"మీకెందుకండీ?"

ఆవిడ గొంతు తగ్గించింది.

"జుట్టు కూడా ఊడుతోంది, చూస్తూనే ఉన్నాను. ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. నెలసరి వస్తోందా, ఆగిపోయిందా?"

పక్కనే బూట్ల లేసులు కట్టుకుంటున్న ఇద్దరమ్మాయిలు తలెత్తి చూశారు.

రాకెట్టు అగ్గిమీద గుగ్గిలమైంది.

"పెళ్లికాని పిల్లని పట్టుకుని నలుగురిలో అడిగే మాటేనా ఇది? ఏమనుకుంటున్నారు నా గురించి?"

"అయ్యో, అది కాదమ్మా! నా ఉద్దేశం..."

"మీ ఉద్దేశం మీ దగ్గరే పెట్టుకోండి!"

ఆవిడ ఏదో చీటీ మడిచి చేతిలో పెట్టబోయింది. "ఈ డాక్టరమ్మని ఒక్కసారి కలువు. నీకు దణ్ణం పెడతాను."

రాకెట్టు ఆ చీటీని విప్పి కూడా చూడలేదు. అక్కడే చింపి పారేసి, తిన్నగా మేనేజరు గదిలోకి వెళ్లింది.

"ఆవిడ మీద ఇదివరకే రెండు ఫిర్యాదులున్నాయి," అన్నాడు మేనేజరు. "మీది మూడోది. ఇక లాభం లేదు."

మర్నాడు ఆ కుర్చీలో వేరే మనిషి కూర్చుంది. తలెత్తకుండా తాళంచెవి ఇచ్చింది. ఎన్నిసార్లొచ్చినా ఇచ్చింది.

'హమ్మయ్య, పీడ విరగడైంది,' అనుకుంది రాకెట్టు.

నిజానికి నెలసరి ఆగి ఎనిమిది నెలలు. పరుగుకి అడ్డం తొలగిందని లోలోపల సంబరపడింది కూడా. ఆ వెర్రితనాన్ని ఏమనాలి!

పందెం రోజు రానే వచ్చింది. సగం దూరం వరకూ అందరికన్నా ముందు తనే ఉంది. మలుపు దగ్గర కాలు ఆనించగానే లోపల పుటుక్కుమంది. అంతే, కూలబడిపోయింది. వెనకొచ్చిన వాళ్లంతా పక్కనుంచి దాటుకుంటూ వెళ్లిపోయారు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఎక్స్‌రే వంక చాలాసేపు చూసింది.

"నెలసరి వచ్చి ఎన్నాళ్లయింది?"

తల్లి ఉలిక్కిపడి కూతురి మొహంలోకి చూసింది.

"ఎనిమిది నెలలు," అంది కూతురు, తల దించుకుని.

"చాలీచాలని తిండి, విశ్రాంతి లేని పరుగు. ఒళ్లు ఎక్కడని సర్దుకుంటుంది? ముందు నెలసరి ఆపేస్తుంది. ఆ తర్వాత ఎముకలు గుల్లబారతాయి. మొదట్లోనే వచ్చుంటే నాలుగు వారాల విశ్రాంతితో పోయేది. ఇప్పుడు ఆపరేషన్ చెయ్యాలి. పరుగు సంగతి ఏడాది దాటాక మాట్లాడదాం. ఇదివరకు నిన్నెవరూ ఈ మాట అడగలేదా?"

రాకెట్టు తల్లి వంక చూడకుండా చెప్పింది.

"ఒకావిడ అడిగింది... జిమ్‌లో తాళంచెవులిచ్చే ఆవిడ."

డాక్టరమ్మ చటుక్కున తలెత్తింది.

"మరి నా దగ్గరికి చీటీ ఇచ్చి పంపలేదా? ఇప్పటిదాకా పదకొండు మందిని పంపింది. అందరూ ఇలా విరగకముందే వచ్చారు."

"ఇచ్చింది. నేనే చింపేశాను," అంటూ భోరుమంది. "ఫిర్యాదు చేసి ఉద్యోగం కూడా తీయించేశాను డాక్టర్! ఎక్కడుంటుందో చెప్పండి, వెళ్లి కాళ్ల మీద పడతాను."

"పోయిన ఆదివారమే ఊరు వదిలి వెళ్లిపోయింది. ఎక్కడికని అడిగితే నాకూ చెప్పలేదు."

తల్లి కళ్లొత్తుకుంది. "మహాతల్లి! ఇవన్నీ ఆవిడకెలా తెలుసమ్మా? నర్సుగా చేసేదా?"

"నర్సు కాదు, పేరున్న పరుగుల కోచ్. ఒకమ్మాయిని పతకం కోసం నొప్పన్నా వినకుండా పరిగెత్తించింది. ఆ పిల్లకి పంతొమ్మిదేళ్లకే తుంటి ఎముక విరిగింది. ఆ రోజే కోచ్ పని మానేసి, ఇలాంటి పిల్లల్ని కనిపెట్టొచ్చని ఆ తాళంచెవుల కుర్చీలో కూర్చుంది."

డాక్టరమ్మ కుర్చీ చేతులు పట్టుకుని మెల్లగా లేచి, ఒక పక్కకి ఒరుగుతూ నడిచొచ్చి మంచం పక్కన నిలబడింది.

"ఆ పిల్ల నేనే."