ఏరి తెచ్చిన చేప

వలస వచ్చిన తెలుగువాళ్లుండే వడోద్ సందులో, చేపలమ్మే సారక్క గంప దించగానే, పెద్ద కొర్రమట్ట మీద ఒకేసారి ఇద్దరి చేతులు పడ్డాయి.

ఒకడు పరమేశ్. రంగుల మిల్లులో పని. భార్య కరుణకు ఆరో నెల. కొర్రమట్ట తినాలని ఉందని అడిగింది. కడుపుతో ఉన్న మనిషి కోరింది పెట్టకపోతే పుట్టే బిడ్డకు చెవి కారుతుందని అత్త ఊరి నుంచి ఒకటే ఫోన్లు.

రెండోవాడు మొండయ్య. ఈ మధ్యే పక్క బస్తీ నుంచి వచ్చి ఆ సందులో అద్దెకు దిగాడు. రోజూ గంపలోని అన్నిటికన్నా పెద్ద చేప పట్టుకుపోతాడు. హోటల్‌కు అమ్ముకుంటున్నాడని అందరి అనుమానం.

"మా ఇంటిది కడుపుతోనున్నది. ఇయ్యాలన్న ఇడిచిపెట్టు," అన్నాడు పరమేశ్.

ఆ మాటకు మొండయ్య పట్టు ఇంకా బిగించాడు.

"గందుకే ఇయ్య. ఇది మిల్లుల నీళ్లు కలిసే ఖాడీ వాగుల చేప. చిన్న చేపల్ని తిని తిని గింత అయింది. వాటి ఒంట్లున్న విషమంత దీంట్ల చేరింది."

"మరి నువ్వెందుకు కొంటున్నవ్?"

మొండయ్య మొహం తిప్పుకుని పైసల కోసం జేబు తడిమాడు.

పరమేశ్‌కు ఒళ్లు మండింది. చెంప మీద ఒక్కటిచ్చాడు.

మొండయ్య తిరిగి కొట్టలేదు. చేపనూ వదల్లేదు. పైసలిచ్చి పట్టుకుపోయాడు.

సారక్కకు పరమేశ్ మీద జాలేసింది. "రేపటి సంది నీకోసం గంప అడుగున దాచిపెడ్త తమ్మీ," అంది.

అన్నట్టే దాచింది. మొండయ్య పైపైన వెతికి ఉత్త చేతులతో వెళ్లిపోయేవాడు. వెనకే పరమేశ్ వచ్చి పెద్ద చేప తీసుకెళ్లేవాడు. నెలంతా కరుణ కడుపునిండా తింది. పరమేశ్ మీసం మెలేశాడు.

ఒక ఆదివారం కరుణ కంచం ముందు కూర్చుంది. గుమ్మంలోకి ఒకామె వచ్చింది. భుజాన ఐదారేళ్ల పిల్ల.

"నేను మొండయ్య పెండ్లాన్ని. రూము ఖాళీ చేసి ఊరికి పోతున్నం. ఆయన చెప్తే ఇనరని నన్ను తోలిండు. ఆ చేప తినకు చెల్లె."

"హోటల్‌కు అమ్ముకునేటోడు మాకు చెప్పుడేంది?" పరమేశ్ గయ్యిమన్నాడు.

"అమ్మలే. అన్ని బొంద తీసి పాతిపెట్టిండు."

ఆమె పిల్లను రెండో భుజానికి మార్చుకుంది. పిల్ల మెడ నిలవలేదు. చూపు ఎటో ఉంది.

కరుణ చేతిలో ముద్ద ఆగిపోయింది.

"పుట్టినప్పటి సంది గిట్లనే ఉన్నది. కడుపులున్నప్పుడే విషం తాకిందన్నడు డాక్టర్," అందామె పిల్ల తల సర్దుతూ. "అప్పుడు నాకు తినబుద్ధైతుందంటే, గీ ఖాడీల పెద్ద చేపలే ఏరేరి తెచ్చిపెట్టింది ఆయనే."