ఆరూ పన్నెండు లోకల్లో పెళ్ళిచూపులు

“కాస్త జరగండి తాయీ, ఆ స్తంభం అడ్డొస్తోంది,” అంది మందాకిని, మెడ కొంగలా సాచి.

దాదర్ స్టేషన్లో సాయంత్రం ఆరు దాటింది. ఆడవాళ్ళ పెట్టె ఆగే చోట జనం అప్పటికే నాలుగు వరసలు కట్టారు. బెంచీ మీద పక్కన కూర్చున్నావిడ ఒళ్ళో సంచి పెట్టుకుని పచ్చిబఠాణీలు ఒలుస్తోంది. సంచితో సహా జరిగింది.

“ఎవరి కోసం?”

“కోడలి కోసం. అంటే ఇంకా కాలేదనుకోండి. చూడ్డానికొచ్చా.”

“ఇక్కడా పెళ్ళిచూపులు!”

“మరెక్కడ? ఇంటికెళ్తే ఏముంది? చీర కట్టి, తల దింపి, చేతికి అటుకుల పోహా ప్లేటిచ్చి పంపిస్తారు. ఆ పోహా ఎవరు చేశారో ఆ గణపతికే తెలియాలి. ఐదు సంబంధాలు అలాగే చూశాను. ఐదు చోట్లా నంగనాచులే. అందుకే మావాడికి చెప్పేశా, ‘ఆ పిల్ల రోజూ ఎక్కే రైలేదో చెప్పు చాలు, మిగతాది నేను చూసుకుంటా’నని.”

“పిల్లకి తెలుసా?”

“తెలిస్తే ఇంకేముంది! ఒక్క ముక్క చెప్పనని వాడిచేత ఒట్టేయించుకున్నా.”

మందాకిని ఫోన్లో ఫొటో చూపించింది. పిల్ల పేరు గార్గి. కొడుకు హృషీకేశ్‌కి ముప్పై నాలుగు నిండాయి. ఈ పిల్ల కాకపోతే అసలు పెళ్ళే వద్దని భీష్మించుకు కూర్చున్నాడు. అవునో కాదో తల్లి ఇవాళే చెప్పాలి.

“చూడండి, ఫొటోలో చీమకి కూడా దారిచ్చేలా ఉంది. మా ఇంట్లో అలాంటిది వారం నిలవదు.”

ఆరూ ఏడు రైలొచ్చి, ప్లాట్‌ఫాం ఊడ్చుకుని పోయింది. ఒక ఆడమనిషి రైలెక్కేసింది గానీ ఆమె ఎడమకాలి చెప్పు మాత్రం కిందే ఉండిపోయింది. ఎవరూ దానివైపు చూడలేదు. అంతలోనే మళ్ళీ నాలుగు వరసలు.

“అదిగో! పసుపు డ్రస్సు, ఎర్ర బ్యాగు!”

గార్గి జడ చుట్టి ముడేసింది. చున్నీ నడుముకి బిగించింది. బ్యాగు పొట్టమీదికి తిప్పుకుంది. ఆరూ పన్నెండు బద్లాపూర్ ఫాస్టు ఇంకా ఆగనే లేదు, కడ్డీ అందుకుని లోపలికి దూకింది.

“ఏయ్ మహారాణీ! రైలు మీ మామగారు కొనిచ్చాడా?” అని వెనక నుంచి ఎవరో అరిచారు.

“కొనిస్తే నిన్నెక్కనిస్తానా?” అంటూనే గార్గి మోచేత్తో ఇద్దరిని పక్కకి నెట్టి, కిటికీ పక్క సీటు మీదికి రుమాలు విసిరింది. సీటు దొరికింది. మరుక్షణం లేచి, గుమ్మంలో నలిగిపోతున్న ఒక గర్భిణిని చెయ్యి పట్టి లాక్కొచ్చి, ఆ సీట్లో కూర్చోబెట్టింది. రైలు కదిలింది.

“అయ్యో, సీటిచ్చేసిందేమిటి! ఆ దానగుణం ముందు మాన్పించాలి,” అని మందాకిని నొచ్చుకుంది.

“ఛీ, రౌడీ పిల్ల! వద్దు తాయీ, మీ ఇంటికి సరిపోదు,” అంది బఠాణీలావిడ.

“మీకు తెలీదూరుకోండి. నాకిలాంటిదే కావాలి. నాలుగింటికి లేచి అందరికీ టిఫిన్ డబ్బాలు కట్టాలి. విరార్ నుంచి రైలెక్కి ఆఫీసుకెళ్ళాలి. వచ్చాక మళ్ళీ జొన్న భాక్రీలు కాల్చాలి. మెతక పిల్లయితే ఆర్నెల్లకే మంచమెక్కుతుంది. ఎద్దుని కొనేముందు నాగలికి కట్టి చూడమూ? ఇదీ అంతే.”

“మరి మీరేం చేస్తారు?”

“నేనా? ఉప్పు సరిపోయిందో లేదో చెప్తా.”

ఆవిడ నవ్వింది. ఒక కాయ ఒలిచి, గింజలు సంచిలో వేసింది. “పుట్టింటికి పంపుతారా?”

“తల్లి ఒక్కతేనట, బద్లాపూర్లో. మా విరార్ నుంచంటే రైళ్ళు మారాలి. దీపావళికోసారి చాలదూ? ఇక ఆవిడే వస్తానంటే... మన లోకల్ రైళ్ళకి తలుపులు పడవు గానీ, మా ఇంటికి పడతాయి!”

“అయితే ఈ సంబంధం ఖాయమేనా?”

“ఖాయం! మావాడి నోట్లో మిఠాయి పెట్టి మరీ చెప్తా.” మందాకిని చీర దులుపుకుని లేచింది. “మీరింకా రైలెక్కరా?”

“రద్దీ కొంచెం తగ్గనీండి. మీరు పదండి తాయీ.”

మందాకిని జనాన్ని తోసుకుంటూ వంతెన మెట్లెక్కి కనుమరుగైంది. బఠాణీలావిడ తొక్కలు పొట్లం కట్టింది. చేతులు కొంగుకి తుడుచుకుంది. ఫోన్ తీసి చెవి దగ్గర పెట్టుకుంది.

“గార్గీ, అమ్మని. అబ్బాయి ఒట్టు తప్పి ముందే చెప్పడం మంచిదైంది. అత్తగారు ఫెయిలు.”