బల్ల మీద దేశం

"కొండలు పొట్టిగా ఉన్నాయి" అన్నాడు సంఘం కార్యదర్శి, నడుం వంచి బల్ల అంచుకు కన్ను ఆనించి చూస్తూ. "మా వైపు మబ్బులు మోకాళ్ల దగ్గర తిరుగుతాయి మాస్టారూ. ఇవేమిటి, చీమల పుట్టల్లా!"

"కాస్త లేపుతాను సార్" అన్నాడు మాస్టర్.

ఫ్యాక్టరీ పనికోసం దేశం నలుమూలల నుంచీ వచ్చినవాళ్లు ఆ కాలనీలో స్థిరపడ్డారు. సంఘం ఒకటే, జట్లు మాత్రం బోలెడు. ఈసారి వార్షికోత్సవంలోనైనా జుట్లు పట్టుకోకుండా ఉంటారని, దేశమంతటినీ ఒకే బల్ల మీద నిలబెట్టమని అధ్యక్షుడు మాస్టర్‌కి పని అప్పజెప్పాడు. కమిటీలో ఒక్కరు పెదవి విరిచినా ఆ పని ఎదురు సందులోని మాస్టర్ బావమరిదికి పోతుంది. బావమరిదికి గులాబీలు తప్ప మరొకటి చేతకాదు. అయినా పేరంతా వాడిదే. మాస్టర్ గుండెల్లో ముల్లు అదే.

మాస్టర్ చాకుతో తెల్లటి ముద్ద తీసి శిఖరం మీద పెట్టి, పక్కలు నున్నగా దిద్దాడు.

"గోరంతలు కొండంతలు చేస్తూ పోతే కూలుతుందండోయ్" అంది పక్కన రంగులు కలుపుతున్న భార్య.

అంతలో తీరం వైపు నుంచి వచ్చిన కోశాధికారి ఆవిడ కళ్లజోడు సవరించుకుంది. "మా నది సముద్రంలో కలిసేముందు చేతివేళ్లలా చీలిపోతుంది. తాడు పడేసినట్టు గీశారేం? ఆ పాయల మధ్య లంకలేవీ? మడ అడవులేవీ?"

"నదంతా మా మంచు కరిగిన నీళ్లేగా మేడమ్" అన్నాడు కార్యదర్శి. "మేం పైన కుళాయి కట్టేస్తే మీ వేళ్లన్నీ ఎండుతాయి."

"కట్టి చూడండి. మా సముద్రం మబ్బులు పంపకపోతే మీకు మంచెక్కడిది?"

ఎడారి వైపు పెద్దాయన కుర్చీలోంచి లేవకుండానే గొంతు సవరించుకున్నాడు. "మీ నీళ్ల తగువు మీరు పడండి. అయ్యా మాస్టారూ, మా ఇసుకను ఇస్త్రీ చేసేశావేం? ఎడారంటే చాపలా పరుచుకున్నది కాదు. దిబ్బలుంటాయి. గాలికి ఇవాళ ఇక్కడ, రేపు అక్కడ."

"అలా తిరిగేదానికి హద్దెందుకు తాతగారూ?" అంది కోశాధికారి.

"మీ సముద్రం కాళ్లు ముడుచుక్కూర్చుంటుందా అమ్మా? ఏటా ఊళ్లోకొచ్చి చుట్టరికం కలిపిపోతుందిగా."

విడవమంటే పాముకు కోపం, కరవమంటే కప్పకు కోపం. మాస్టర్ అందరికీ తలూపాడు. గోధుమరంగు పొడి మీద పళ్లున్న రేకుతో అలలు దువ్వాడు. నదిని వేళ్లుగా చీల్చి, మధ్యన పచ్చటి లంకలు అద్దాడు. అయితే కొండలకు అడుగు కావాలి, దిబ్బలకు చోటు కావాలి, లంకలకు వెడల్పు కావాలి. బల్ల మాత్రం సాగదు.

నడిమధ్యన నల్లరాళ్ల పీఠభూమి ఒకటి ఉంది. తుప్పలు, గులకరాళ్లు, వాన కోసం నోళ్లు తెరిచిన చెరువులు. అక్కడివాళ్లెవరూ కమిటీలో లేరు. మాస్టర్ మెల్లిగా ఆ అంచు గీకి కొండలకిచ్చాడు. ఈ అంచు గీకి ఎడారికిచ్చాడు. మిగిలినదంతా లంకలకు పోయింది.

భార్య దగ్గరగా వచ్చి గొంతు తగ్గించింది. "అది మీ ఊరున్న నేల కదండీ."

"తెలుసు."

"పూర్తిగా పోయింది."

"పోనీలే. అడిగేవాళ్లు లేరుగా" అన్నాడు మాస్టర్, చాకు తుడుచుకుంటూ.

ముగ్గురూ బల్ల చుట్టూ తిరిగి చూశారు. కార్యదర్శి కొండల్ని, పెద్దాయన దిబ్బల్ని, ఆవిడ లంకల్ని చూసుకున్నారు. పీఠభూమి లేదన్న సంగతి ఎవరికీ పట్టలేదు. ముగ్గురూ సరేనన్నారు. మాస్టర్ ఊపిరి పీల్చుకున్నాడు.

సాయంత్రం హాల్లో బల్ల చుట్టూ కాలనీ అంతా మూగింది. ఎవరి వైపు వాళ్లు నిలబడి, తమ నేలను పక్కింటివాళ్లకు వేలు పెట్టి చూపించుకుంటున్నారు. మొదటిసారి ఎవరూ ఎవర్నీ తిట్టలేదు. అధ్యక్షుడికి కళ్లు చెమర్చాయి. మైకు అందుకున్నాడు.

"కొండైనా, కోనైనా, ఎడారైనా, ఏరైనా ఒక్కటే నేల. దీన్ని ముక్కలు చేసేవాడు ఇంకా పుట్టలేదు."

హాలు మారుమోగింది.

ఆ చప్పట్ల మధ్యే అధ్యక్షుడు చాకు తీసుకుని, కొండల మీంచి లంకల దాకా కేకు కోశాడు.