అమ్మవారు పోసిన చేప

రంగూన్‌లో, మా తామ్వే వీధిలో సైనిక పాలన వద్దంటూ ఊరేగింపు తీసిన పిల్లల్ని సైనికులు తరిమిన రోజునే మా పెరటి కుంటలోని ఎర్ర చేపకు ఒళ్లంతా తెల్లటి చుక్కలు లేచాయి. మిగతావాటికి అంటకుండా దాన్ని టబ్బులో వేసి వెనక గదిలో పెట్టాను. పది రోజులు నీళ్లు మార్చి, కొలిచి ఉప్పు వేయాలి; ఆ కొలతలు బర్మీస్‌లో కాగితం మీద రాసి గోడకు అంటించాను. ఆలస్యమైతే చేప దక్కదు.

మర్నాడు చూస్తే ఆ తలుపుకు మా అత్తగారు వేపమండలు కట్టి, తాళం వేసింది.

“దానికి అమ్మోరు పోసింది మల్లికా. మందూ మాకూ ఎయ్యకూడదు. తొమ్మిది రోజులు నేను తప్ప ఎవులూ లోపలికెల్లకూడదు.”

“సేపకి అమ్మోరేటి అత్తా? అది సచ్చిపోతాది.”

“నోరు కడుక్కో.”

రోజుకు రెండుసార్లు ఆవిడ నైవేద్యమంటూ గిన్నెడు పెరుగన్నం లోపలికి పట్టుకెళ్లేది. నేను బయట నిలబడి అరిచేదాన్ని.

నాలుగో రోజు వార్డు అధికారి సైనికులతో సోదాకు వచ్చాడు. కోపం ఆపుకోలేక అతనితోనే బర్మీస్‌లో మొరపెట్టుకున్నాను. “లోపల రోగం పెట్టుకుని మందు వేయనివ్వడం లేదు. మీరైనా ఈవిడకు చెప్పండి.” అతను మాస్కు సర్దుకుని, ఆ గది గుమ్మం దగ్గర నుంచే సైనికులందరినీ వెనక్కి తిప్పాడు.

సాయంత్రం ఆవిడ పూజలో ఉండగా, ఆవిడ తలగడ కింది తాళంచెవితో తాళం తీశాను.

టబ్బు పక్కన మోకాలికి కట్టుతో ఒక బర్మా అమ్మాయి కూర్చుని ఉంది. చేప మీద చుక్కలు తగ్గాయి.

“గోడ మీద మీరు రాసిన కాగితం చూసి రోజూ ఉప్పు వేస్తున్నాను ఆంటీ” అంది మెల్లగా.

అత్తగారు వచ్చి తలుపు మూసింది.

“నాకెందుకు సెప్పలేదత్తా?”

“సెప్పుంటే, ఆడి ముందర అంత నిజంగా ఏడ్సేదానివా?”