ఐదు సబ్బుపెట్టెలు

"ఇవి సెన్సర్లా? సబ్బుపెట్టెలా?" అని డాన్సు మాస్టారు పకపకా నవ్వాడు.

సబ్బుపెట్టెలే మరి. సెల్‌ఫోన్లు బాగుచేసే బామ్మర్ది ఒక్కోదాంట్లో గోరంత చిప్పూ, బొటనవేలంత బ్యాటరీ పెట్టి టంకం వేశాడు. మాస్టారి పెళ్లాం పాత నిక్కర్ల ఎలాస్టిక్ కోసి పట్టీలు కుట్టింది. నడుముకొకటి, తొడలకి రెండు, చీలమండలకి రెండు. వైర్లు లేవు. మనిషి కాలు కదిపితే కంప్యూటర్లో బొమ్మ కాలు కదుపుతుంది. తలకీ చేతులకీ మాత్రం కొన్న సామానే, కళ్లముందు కంప్యూటర్ లోకాన్ని చూపించే ఓ పెద్ద కళ్లజోడూ రెండు చేతిపిడులూ.

అలాంటి కళ్లజోళ్లు పెట్టుకుని ఇంట్లోంచే నేర్చుకునే డాన్సు స్కూలొకటి ఒకే ఒక్క మాస్టర్ని తీసుకుంటోంది. పరీక్ష కూడా అందులోనే. జడ్జీలకి కనపడేది బొమ్మే. మాస్టారి సొంత స్కూల్లో ఆఖరి పిల్ల మానేసి మూడు నెలలైంది. ఇదీ పోతే ఇంక ఆయన్ని మాస్టారని పిలిచే దిక్కుండదు.

"నిటారుగా నిలబడు బావా. పెట్టెలకి నీ ఒళ్లు పరిచయం కావాలి."

"నా ఒళ్లు లోకానికే పరిచయంరా!"

పాట పెట్టారు. బొమ్మ మూడడుగులేసి, గడప తన్నుకున్న దున్నలా తూలింది.

"చూశావా నీ పనితనం! నేను నెమలిలా ఆడుతుంటే నీ డబ్బాలు దున్నని చూపిస్తున్నాయి."

"పెట్టెలకి అబద్ధం చెప్పడం రాదు బావా."

"అంటే నాకు డాన్సు రాదంటావా? ఒరేయ్, నేను అడుగేస్తే భూమి తిరగడం ఆపి చూసేది!"

"మూడో అడుగు దగ్గర తొందరపడుతున్నారండీ," అంది పెళ్లాం, కుట్టుమిషన్ మీంచి తలెత్తకుండా.

అంతే, మాస్టారి అరుపుకి గోడ సున్నం రాలింది.

"ఇరవయ్యేళ్లు గుమ్మంలో కూర్చుని చూస్తే డాన్సొచ్చేస్తుందటే? నువ్వు నడిస్తేనే గిన్నెలు దొర్లుతాయి. రేపు పరీక్షప్పుడు ఈ గదిలో ఉండకు. నీ మొహం చూస్తే నాకు తాళం తప్పుతుంది!"

బామ్మర్ది పెట్టెలు బాగుచేసుకొస్తానని సంచిలో వేసుకుపోయాడు.

మర్నాడు పొద్దున పదింటికి పరీక్ష. పెళ్లాం బుద్ధిగా పక్కగదిలోకెళ్లి తలుపేసుకుంది. బామ్మర్ది మాస్టారికి ఐదు పెట్టెలు కట్టి, పాట ఇల్లదిరేలా పెట్టాడు.

అబ్బో, ఏం ఆడిందండీ ఆ బొమ్మ! నేలకి నొప్పి పుడుతుందేమోనన్నట్టు అడుగేస్తోంది, మరుక్షణం పిడుగులా తిరుగుతోంది. కళ్లజోడులో కనపడుతున్న జడ్జీలు ముగ్గురూ కుర్చీల్లోంచి లేచిపోయారు.

"చేతులు కాస్త బిగుసుకున్నాయి గానీ, ఆ కాళ్లేంటండీ బాబూ! ఎవరి దగ్గర నేర్చుకున్నారు?"

"ఒకళ్ల దగ్గర నేర్చుకునే ఖర్మ నాకేంటి? పుట్టుకతో వచ్చింది," అన్నాడు మాస్టారు.

ఉద్యోగం అక్కడికక్కడే ఇచ్చేశారు.

మాస్టారు కళ్లజోడు తీసి మీసం దువ్వాడు. "నిన్న నాలుగు తిట్టాను కాబట్టే నీ డబ్బాలు దారికొచ్చాయిరా. మూడో అడుగెలా పడిందో మీ అక్కకి చెప్పు!" అంటూ పెట్టెలన్నీ ఊడబీకి బల్లమీద విసిరాడు.

బామ్మర్ది ఆ ఖాళీ డబ్బాల్ని అక్కడే వదిలేసి, చిప్పులున్న అసలు ఐదింటి కోసం పక్కగదిలోకెళ్తే, చెమటలు కక్కుతూ అక్క అప్పుడే చీలమండల పట్టీలు విప్పుకుంటోంది.