టోపీకి తెలిసిన కూర

పెళ్లివంటల పేర్రాజు గుండిగ దింపబోయి అటక మీంచి పడ్డాడు. తలకు దెబ్బ తగిలింది. అప్పట్నుంచి, బీపీ చూసినంత మామూలుగా, నర్సు షహీనా వారం వారం ఇంటికొచ్చి అతనికి టోపీ పెడుతోంది. మనిషి మరిచిపోయినా మెదడు గుర్తుపడితే చాలు, టోపీ మీద పచ్చదీపం వెలుగుతుంది.

"పనసపొట్టు కూరలో మీరు కలిపేదేంటి బాబాయ్?"

"చెప్పనమ్మా. మా నాన్న నాకొక్కడికే చెప్పిన రహస్యం," అన్నాడు పేర్రాజు దర్జాగా.

నిజానికి ఆ రహస్యం అతని బుర్రలోంచి ఎగిరిపోయి మూడు నెలలైంది. సంగతి బయటపడితే ముహూర్తాలన్నీ తనూ పెళ్లివంటలే చేసే బావమరిది కామేశం తన్నుకుపోతాడు.

ఆ కామేశమే పరామర్శ వంకతో పక్కన కూర్చున్నాడు. "ఇంగువా బావా? నువ్వులా? కొబ్బరా? మాగాయ ఊటా?" అని వరసగా అడిగాడు. చివరి మాటకి దీపం వెలిగింది. అది నెత్తిమీద ఉంది గనక పేర్రాజుకి కనపడలేదు.

ఆదివారం కామేశం క్యారేజీతో దిగాడు. "రుచి చూడు బావా."

పేర్రాజు ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నాన్న చేతి కూర. నాలిక మీదే అంతా గుర్తొచ్చింది. కళ్లు చెమర్చబోతే, మిరపకాయ కొరికినట్టు మొహం పెట్టాడు.

"మాగాయ ఊట ఓ గరిటె ఎక్కువేశావురా. ఎప్పటికి నేర్చుకుంటావో ఏమో."

కామేశం మొహం వేలాడేసుకుని వెళ్లిపోయాడు. పేర్రాజు గిన్నె అడుగంటా ఊడ్చి తిని, తలుపు వెనక బొగ్గుతో 'మాగాయ ఊట' అని రాసుకున్నాడు.