తలుపుల్లేని గృహప్రవేశం

"మనల్ని ముంచింది బిల్డరేనండీ!"

"కాదు, బ్యాంకు!"

మాదాపూర్‌లో సగం కట్టి వదిలేసిన అపార్ట్‌మెంటు. దాని సెల్లారులో ఆదివారం పొద్దున్నే మీటింగు. తప్పెవరిదో తేలిపోతే చాలు ఫ్లాట్లు దక్కుతాయన్నట్టు గొంతులు చించుకుంటున్నారు.

సైబర్ టవర్స్ పక్కన సొంతిల్లనగానే అప్పు చేసి మరీ కొన్నవాళ్ళు. బిల్డరు ఉడాయించాడు. వాయిదాలు ఆపితే వేలం వేస్తామని బ్యాంకు నోటీసులు అంటించింది.

సంఘం అధ్యక్షురాలు భ్రమరాంబ టీచరు. ఏలూరు దగ్గర పొలం అమ్ముకుని వచ్చింది. ఈ ఫ్లాటు పోతే ఆవిడకి ఇక నిలువ నీడ లేదు.

"ఇల్లు పూర్తవకుండా బ్యాంకు డబ్బంతా బిల్డరు చేతిలో ఎలా పోసిందండీ?" అందావిడ.

"పూర్తయిందనే ఇచ్చారట మేడమ్," అన్నాడు శ్యామ్. "బిల్డరు మన గృహప్రవేశాల ఫోటోలు చూపించాడట."

అందరూ నేల చూపులు చూశారు. మూఢం వచ్చేస్తోందని హడావిడి పడి, తలుపులైనా లేని ఫ్లాట్లలో పాలు పొంగించుకున్న మాట నిజమే మరి.

వెనక నుంచి ఒకాయన ముందుకొచ్చాడు. నలిగిన చొక్కా, భుజాన సంచి, నిద్రలేని కళ్ళు.

"ఒక్క మాటండీ. తప్పు బ్యాంకుదీ ఉంది, మీదీ ఉంది."

"మీరెవరు?"

"బ్యాంకులోనే పనిచేస్తాను. ఆ డబ్బు విషయంలో..."

మాట పూర్తి కానివ్వలేదు.

"మన మాటలు మోయడానికి పంపారు వీణ్ణి!" శ్యామ్ కాలరు పట్టేశాడు.

భ్రమరాంబకి ఒళ్ళు మండిపోయింది. "మా కొంపలు ముంచింది చాలక నీతులు కూడానా? సిగ్గు లేదూ?"

"అమ్మా, నేను వచ్చింది..."

"ముందు బయటికి నడవండి!"

ఈ స్థలాన్ని బిల్డరుకి అమ్మిన ముసలాయన బాలనర్సయ్య అడ్డం వచ్చాడు. "జర ఆగుండ్రి సారూ! ఏం చెప్తడో ఇనుండ్రి."

"నువ్వూ వాళ్ళ మనిషివేనా?" శ్యామ్ ఆయన మీదికీ లేచాడు.

ముసలాయన పక్కకి తప్పుకున్నాడు.

ఆ కొత్త మనిషిని గేటు దాకా నెట్టుకుపోయారు. ఆయన చొక్కా సర్దుకుని, భ్రమరాంబ వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయాడు. బాలనర్సయ్య ఆయన వెంట నడిచాడు.

మీటింగుకి ఊపొచ్చింది. చప్పట్లు మోగాయి. ఎన్నాళ్ళకో ఒక బ్యాంకువాడు చేతికి చిక్కినందుకు భ్రమరాంబకి కూడా కడుపు చల్లబడింది.

కాసేపటికి సంఘం లాయరు నరసింహమూర్తి నవ్వుతూ సెల్లారులోకి దిగాడు.

"రేపు కోర్టులో వేలం ఆగినట్టేనండీ! బ్యాంకు డబ్బిచ్చేనాటికి ఇల్లు పూర్తి కాలేదని చెప్పే సాక్షి దొరికాడు. ఉద్యోగం పోయినా సరే చెప్తానన్నాడు. నిర్మల్ నుంచి రాత్రి బస్సుకే బయల్దేరాడు. ఏడీ, ఇంకా రాలేదా?"

శ్యామ్ గేటు వైపు చూశాడు.

అప్పుడే తిరిగొచ్చిన బాలనర్సయ్య అన్నాడు. "వచ్చిండు, పోయిండు సారూ. ఇగ మల్ల ఈ దిక్కు రానన్నడు. నేనే ఆటో ఎక్కించిన."

భ్రమరాంబ లాయరు వైపు తిరిగింది. "ఎవరండీ... ఆయన?"

లాయరు ఆవిడనే చూస్తూ అన్నాడు. "పాలు పొంగించుకున్న ఇంటిని ఇల్లే కాదంటాడా, డబ్బు ఆపేస్తాడా అని మీరంతా మేనేజరు మీద పడి, మొహమైనా చూడకుండా నిర్మల్‌కి బదిలీ చేయించారే, ఆ ఆఫీసరేనమ్మా."